తొలి అమెరికన్ రచయిత్రుల వినయాన్ని ఎలా చదవాలి? బ్రాడ్‌స్ట్రీట్, రోలాండ్‌సన్, ఫిలిస్ వీట్లీ పాఠాలపై ఒక సందేహం

ప్రశ్న
అడిగినవారు: ఆంగ్ల అధ్యాపకురాలు

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధిస్తున్నాను. ఈ సెమిస్టరులో అమెరికన్ సాహిత్యం పేపరు మొదటి యూనిట్‌లో ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ రాసిన ‘ప్రోలాగ్’, మేరీ రోలాండ్‌సన్ మూలవాసుల చేతిలో బందీగా గడిపిన రోజుల గురించి రాసిన కథనం నుంచి కొన్ని భాగాలు, బానిసగా అమెరికాకు తెచ్చిన ఆఫ్రికా బాలిక ఫిలిస్ వీట్లీ రాసిన ఎనిమిది పాదాల కవిత ‘ఆన్ బీయింగ్ బ్రాట్ ఫ్రమ్ ఆఫ్రికా టు అమెరికా’ ఉన్నాయి. ఈ మూడింటినీ స్త్రీల అస్తిత్వం, అణచివేత అనే అంశం కింద చెప్పాలని పాఠ్యప్రణాళిక సూచిస్తోంది.

పాఠం మొదలుపెట్టగానే నాకు ఎదురైన ఇబ్బంది ఇది. ఎదిరించిన గొంతులు వింటామని విద్యార్థులు ఆశిస్తారు. పుస్తకం తెరిస్తే ముందుగా వినిపించేవి క్షమాపణ, కృతజ్ఞత, దైవస్తుతి. బ్రాడ్‌స్ట్రీట్ తన కలం అల్పమైనదని, మగవారే మేలుగా రాయగలరని, ఆ సంగతి ఆడవారికి బాగా తెలుసునని అంటుంది. రోలాండ్‌సన్ తన కష్టాలన్నీ దేవుడు పెట్టిన పరీక్షలని చెబుతూ, తనను పట్టుకెళ్లినవారిని మృగాలతో పోలుస్తుంది. వీట్లీ తనను అజ్ఞానపు దేశం నుంచి ఇక్కడికి చేర్చింది కరుణేనని రాస్తుంది. ఆ కవిత చదివిన రోజున ఒక విద్యార్థిని లేచి, “తనను కొన్నవాళ్లకు దండం పెట్టిన కవితను మనమెందుకు చదవాలి మేడమ్?” అని అడిగింది. ఆ కోపం నాకు న్యాయంగానే తోచింది.

వినయమంతా పైపూత మాత్రమేనని, లోపల తిరుగుబాటు దాగి ఉందని చెప్పడం సులభం. కాని అలా చెప్పాలంటే పాఠంలో ఆధారం చూపగలగాలి. ఈ వినయం వారి నమ్మకమా, ఆనాటి కవితా మర్యాదా, లేక అచ్చులోకి రావడానికి చెల్లించవలసి వచ్చిన సుంకమా? ఈ ముగ్గురినీ ‘అణచివేతకు గురైన స్త్రీలు’ అనే ఒకే మాట కింద చేర్చడం సబబేనా? ఈ కాలాన్ని శ్రద్ధగా చదివినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం
రాసినవారు: పాత పుస్తకాల పాఠకుడు

అధ్యాపకురాలు గారికి నమస్కారం. నేను బ్రాడ్‌స్ట్రీట్ వరకే మాట్లాడతాను. ఆమెను ఎన్నో ఏళ్లుగా ఇష్టంగా చదువుతున్నాను.

ఆమె 1612 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టి, 1630లో భర్త సైమన్ బ్రాడ్‌స్ట్రీట్, తండ్రి థామస్ డడ్లీలతో కలిసి ఆర్బెల్లా అనే ఓడలో మసాచుసెట్స్ చేరింది. తండ్రి, భర్త ఇద్దరూ ఆ వలస ప్రాంతాన్ని పాలించినవారే. వేర్వేరు కాలాల్లో ఇద్దరూ గవర్నర్లు అయ్యారు. 1637లో ఆన్ హచిన్‌సన్ అనే స్త్రీ మీద అక్కడ విచారణ జరిగింది. ఆమె తన ఇంట్లో జనాన్ని సమావేశపరచి మతబోధకుల ప్రసంగాలను చర్చించింది, కొందరు బోధకులను తప్పుపట్టింది. న్యాయస్థానం ఆమెకు దేశబహిష్కారం విధించింది, మరుసటి సంవత్సరం చర్చి ఆమెను వెలివేసింది. ఆ విచారణలో ఆమెను ప్రశ్నించిన పెద్దల్లో డిప్యూటీ గవర్నర్ హోదాలో డడ్లీ, ఆయనతో పాటు సైమన్ బ్రాడ్‌స్ట్రీట్ కూడా ఉన్నారు. నోరు విప్పిన స్త్రీకి ఏమి జరుగుతుందో మన కవయిత్రికి సొంత ఇంటి మనుషుల వల్లనే తెలిసి ఉండాలి.

మరొక ఉదాహరణ కూడా విద్యార్థులకు చెప్పదగినది. కనెక్టికట్ గవర్నరు భార్య ఆన్ హాప్‌కిన్స్ మతి చలించిన స్థితిలో ఉన్నప్పుడు, మసాచుసెట్స్ నాయకుడు జాన్ విన్‌త్రాప్ 1645లో తన దినచర్యలో ఆమె గురించి రాసుకున్నాడు. ఆమె చదువులోనూ రాతలోనూ పూర్తిగా మునిగిపోవడమే ఆ జబ్బుకు కారణమని, ఇంటిపనులు చూసుకుంటూ స్త్రీలకు తగిన పరిధిలో ఉండి ఉంటే ఆమె తెలివి నిలిచేదని ఆయన నిర్ణయం. అలాంటి సమాజంలో ఒక స్త్రీ కావ్యం రాసింది. 1650లో అది లండన్‌లో ‘ది టెన్త్ మ్యూజ్’ అనే పేరుతో వెలువడింది. రాతప్రతిని అక్కడికి తీసుకువెళ్లి, ఆమెకు తెలియకుండానే అచ్చువేయించింది ఆమె చెల్లెలి భర్త జాన్ వుడ్‌బ్రిడ్జ్. ఆయన ముందుమాట చూడండి: ఇది నిజంగా స్త్రీ రాసినదే, ఆమె భక్తిగలది, మర్యాదస్తురాలు, సంసారాన్ని చక్కగా దిద్దుకునేది, ఈ పద్యాలు నిద్రలోంచీ విశ్రాంతిలోంచీ మిగుల్చుకున్న కొద్ది గంటల ఫలం అంటూ హామీ ఇస్తాడు. ఆయన వెనకే మరికొందరు మగవారి ప్రశంసాపద్యాలు వరుసగా నిలబడతాయి. పిల్లలకు అన్నం పెట్టకుండా పద్యం రాయలేదని సాక్ష్యం ఇచ్చిన తర్వాతే ఆమె మొదటి పాదం పాఠకుడి కంటికి అందుతుంది.

ఇక ‘ప్రోలాగ్’. యుద్ధాలు, సేనానులు, రాజుల గురించి పాడడం నా అల్పమైన కలానికి మించిన పని అంటూ అది మొదలవుతుంది. అయితే అదే పుస్తకంలో పేజీలు తిప్పితే ‘ది ఫోర్ మోనార్కీస్’ అనే కావ్యం ఉంది. అది అసిరియా నుంచి రోము దాకా రాజులు, యుద్ధాలు, సేనానుల చరిత్రను వేల పాదాల్లో చెబుతుంది. వాకిట్లో నాకు చేతకాదన్న పనినే ఆమె నట్టింట్లో చేసి చూపించింది. వినయం వెనక ఏముందో ఊహించవలసిన పనిలేదు, విషయసూచిక చూస్తే చాలు.

ప్రోలాగ్‌లోనే మధ్యలో ఒక చరణం స్వరం మారుస్తుంది. కలం కంటే సూదే నా చేతికి తగినదనే ప్రతి నోటికీ నేను లోకువనని, నేను రాసింది బాగున్నా లాభం లేదని, దొంగిలించిందనో గాలివాటుగా కుదిరిందనో అంటారని ఆమె ముందే రాసిపెడుతుంది. మగవారిదే పైచేయి అని ఒప్పుకునే పాదం దీని తర్వాతే వస్తుంది. ముందు నేరారోపణ చేసి, తర్వాత రాజీకి వచ్చి, చివరికి కవులకిచ్చే కిరీటం నాకొద్దు, వంటింటి ఆకులతో అల్లిన దండ ఇవ్వండి చాలు అని ముగిస్తుంది. ఈ వరుసను విద్యార్థుల చేతనే గుర్తింపజేస్తే సగం సందేహం తీరుతుంది.

నా అభిప్రాయంలో ప్రోలాగ్‌కు తోడుగా ఎలిజబెత్ రాణిపై ఆమె రాసిన స్మృతిగీతం తప్పక చదివించాలి. అక్కడ వినయం లేదు. మా స్త్రీజాతికి వివేకం లేదనేవారు ఒకటి తెలుసుకోవాలి, అది ఇప్పుడు అపనింద మాత్రమే, ఒకప్పుడైతే రాజద్రోహం అని సూటిగా అంటుంది. చనిపోయిన రాణి నీడలో నిలబడినప్పుడు ఆమె గొంతుకు అంత ధైర్యం వచ్చింది. తన పేరు మీద తాను మాట్లాడేటప్పుడు ఆ ధైర్యాన్ని దాచుకోవలసి వచ్చిందన్నదే నాకు బాధ కలిగించే విషయం.

రెండో సమాధానం
రాసినవారు: కవిత్వ పరిశోధకురాలు

వీట్లీ గురించి నేను రాస్తాను. అధ్యాపకురాలు గారూ, మీ విద్యార్థిని అడిగింది చాలా మంచి ప్రశ్న. ఆమె కోపాన్ని చల్లార్చకండి, దాన్ని కవిత మీదికి మళ్లించండి.

ఆ బాలికను పశ్చిమ ఆఫ్రికా నుంచి ఫిలిస్ అనే ఓడలో 1761 జులైలో బోస్టన్‌కు తెచ్చారు. ముందరి పళ్లు ఊడుతున్నాయని చూసి ఏడెనిమిదేళ్లు ఉంటాయని లెక్కకట్టారు. జాన్ వీట్లీ అనే వ్యాపారి తన భార్య సుజానా కోసం ఆమెను కొన్నాడు. ఓడ పేరే ఆమె పేరయింది, కొన్నవారి ఇంటిపేరే ఆమె ఇంటిపేరయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎక్కడా మిగలలేదు. అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఎనిమిది పాదాల్లో మొదటి నాలుగు చదవండి. తనను తెచ్చింది కరుణ అంటుంది, దేవుడున్నాడని, రక్షకుడున్నాడని తెలిసిందంటుంది. గమనించవలసిందేమిటంటే కృతజ్ఞత దేవుడికి మాత్రమే అందుతోంది. ఓడకు గాని, సంతకు గాని, కొన్న యజమానికి గాని ఒక్క మాట కూడా దక్కలేదు. కాబట్టి కొన్నవాళ్లకు దండం పెట్టిందన్న మాటకు పాఠంలో చోటు లేదు. ఐదో పాదం నుంచి కవిత దిశ మారుతుంది: మా నల్లజాతిని కొందరు ఈసడింపుగా చూస్తారని చెప్పి, ఆ రంగు దయ్యపు రంగు అన్న వారి మాటను ఉటంకింపు గుర్తుల మధ్య, వారి మాటగానే పెడుతుంది. ఆ తర్వాత ‘గుర్తుంచుకోండి’ అంటుంది. అది ఆజ్ఞార్థకం. చట్టం దృష్టిలో ఆస్తిగా లెక్కకు వచ్చే ఒక పిల్ల, తన యజమానుల మతస్థులందరినీ ఉద్దేశించి, మీరు నిత్యం చదివే గ్రంథం ప్రకారమే మేము దేవదూతల వరుసలో చేరగలం, మరచిపోకండి అని చెబుతోంది. అయినా పుట్టిన దేశాన్ని చీకటి దేశంగా చెప్పిన మొదటి పాదం మొదటి పాదమే. ఆ నొప్పిని వ్యాఖ్యానంతో కడిగేయకూడదు.

అయితే ఆ కవితను ఒంటరిగా పాఠ్యపుస్తకంలో పెట్టడం ఆమెకు అన్యాయం చేయడమే. అది కౌమారంలో రాసిన కవిత. దాని పక్కన, వలసల వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి డార్ట్‌మత్ ప్రభువుకు 1772లో రాసిన కవితను పెట్టండి. స్వేచ్ఛ మీద నీకింత ప్రేమ ఎక్కడి నుంచి వచ్చిందని మీరు ఆశ్చర్యపోవచ్చు అంటూ ఆమె తన కథ చెబుతుంది: పసితనంలోనే ఆఫ్రికా నుంచి నన్ను లాక్కొచ్చారు, నా తండ్రి గుండెలో ఎంతటి వేదన రగిలి ఉంటుంది, తండ్రి చేతుల్లోంచి బిడ్డను లాక్కున్నవాడి మనసు ఉక్కుతో చేసినదై ఉండాలి, నా గతి అదే, కనుక ఇతరులకు ఆ నిరంకుశత్వం రాకూడదని తప్ప నేనేమి కోరగలను? ఒక కవితలో కరుణ అన్న ప్రయాణమే మరో కవితలో అపహరణ అయింది. రెండూ 1773లో ఒకే సంపుటంలో వెలువడ్డాయి. రెండింటినీ ఒక్క మనిషి రాసిందని గ్రహించిన క్షణంలోనే ఆమెను చదవడం మొదలవుతుందని నా నమ్మకం.

ఆ సంపుటం కథ కూడా చెప్పాలి. 1772లో బోస్టన్‌లో చందాలు పోగుచేసి అచ్చువేయాలని చూశారు, చాలినన్ని చందాలు రాలేదు. చివరికి లండన్‌లో ఆర్చిబాల్డ్ బెల్ ప్రచురించాడు. పుస్తకం ముందు ఆమె చిత్రం ఉంది. కలం పట్టుకుని ఆలోచిస్తున్న ఆ చిత్రం చుట్టూ ఆమె జాన్ వీట్లీ గారి నీగ్రో సేవకురాలు అని రాసి ఉంది. తర్వాత యజమాని లేఖ. ఆ తర్వాత బోస్టన్ ప్రముఖులు 18 మంది సంతకాలతో ఒక ధ్రువపత్రం: కొన్నేళ్ల కిందట ఆఫ్రికా నుంచి అనాగరికురాలిగా వచ్చి, ఇప్పుడు బానిసగా పనిచేస్తున్న ఈ అమ్మాయే ఈ కవితలు రాసిందని మేము నమ్ముతున్నాం అని. సంతకం చేసినవారిలో గవర్నర్ థామస్ హచిన్‌సన్, జాన్ హాన్‌కాక్ ఉన్నారు. బానిసలను ఉంచుకున్నవారూ ఉన్నారు. పై సమాధానంలో వెలివేతకు గురైన ఆన్ హచిన్‌సన్ వంశీకుడే ఈ గవర్నరు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ 18 మంది ఒక గదిలో ఆమెను నిలబెట్టి పరీక్షించారన్న కథ చాలాచోట్ల కనిపిస్తుంది. అలాంటి సమావేశం జరిగినట్లు సమకాలీన ఆధారం దొరకలేదు. అర్హులైనవారు ఆమెను పరీక్షించారన్న వాక్యం మాత్రమే ధ్రువపత్రంలో ఉంది. తరగతిలో ఆ దృశ్యాన్ని చరిత్రగా చెప్పకపోవడం మంచిది. ధ్రువపత్రం ఒక్కటే మనకు కావలసినంత చెబుతుంది.

పుస్తకం వచ్చిన సంవత్సరమే ఆమెకు స్వేచ్ఛ లభించింది. ఇంగ్లండులోని మిత్రుల కోరికపై యజమాని తనను విడుదల చేశాడని ఆ అక్టోబరులో ఒక లేఖలో రాసింది. 1774 ఫిబ్రవరిలో, మోహెగన్ తెగకు చెందిన మతబోధకుడు సాంసన్ ఆకమ్‌కు రాసిన లేఖలో ఆమె గొంతు పూర్తిగా విచ్చుకుంటుంది. దేవుడు ప్రతి మనిషి గుండెలోనూ స్వేచ్ఛాకాంక్షను నాటాడని, అది అణచివేతను సహించదని, విమోచన కోసం పరితపిస్తుందని అందులో అంటుంది. స్వేచ్ఛ కావాలని కేకలు వేస్తూ ఇతరుల మీద పెత్తనం చలాయించేవారి మాటకూ చేతకూ పొంతన లేదని కూడా రాసింది. స్వాతంత్ర్యం కోసం ఉద్యమిస్తున్న బోస్టన్ పెద్దమనుషుల మధ్య ఉండి రాసిన మాటలివి. ఆ లేఖ అప్పటి పత్రికల్లో అచ్చయింది. మీ విద్యార్థిని ఆశించిన గొంతు ఇదే. ఆ ఎనిమిది పాదాల తర్వాత వెంటనే ఈ లేఖ ఇచ్చి చూడండి.

మూడో సమాధానం
రాసినవారు: చరిత్ర విద్యార్థి

ఇద్దరూ చాలా చక్కగా రాశారు. మీ చివరి ప్రశ్నకు, అంటే ముగ్గురినీ ఒకే మాట కింద చేర్చవచ్చా అన్నదానికి, చేర్చకూడదన్నది నా సమాధానం. కారణం రోలాండ్‌సన్ పుస్తకంలోనే ఉంది.

1676 ఫిబ్రవరి 10న లాంకాస్టర్ అనే ఊరి మీద మూలవాసుల దాడి జరిగింది. ఆంగ్లేయులు కింగ్ ఫిలిప్ అని పిలిచిన వాంపనోగ్ నాయకుడు మెటాకమ్ పేరుతో ప్రసిద్ధమైన యుద్ధం అది. ఆక్రమణకు గురవుతున్న నేల కోసం జరిగిన యుద్ధం. ఆ ఊరి మతబోధకుడి భార్య మేరీ రోలాండ్‌సన్ తన బిడ్డలతో సహా బందీ అయింది. గాయపడిన చిన్న కూతురు సారా, ఆరేళ్లు దాటిన పిల్ల, ఫిబ్రవరి 18న తల్లి ఒడిలోనే చనిపోయింది. పదకొండు వారాలకు పైగా ఆ గుంపుతో అడవుల్లో తిరిగిన తర్వాత, 20 పౌండ్లు చెల్లించి ఆమెను విడిపించారు. ఆమె కథనం 1682లో అచ్చయింది. దానికీ ఒక ముందుమాట ఉంది: ఈ స్త్రీ తన అనుభవాన్ని ప్రచురించినందుకు ఎవరూ ఆమెను తప్పుపట్టవద్దని మారుపేరుతో ఒక పెద్దమనిషి కోరతాడు. ఆయన ప్రముఖ మతబోధకుడు ఇంక్రీస్ మాథర్ అని పండితుల అభిప్రాయం. పుస్తకం చివర, అప్పటికే మరణించిన ఆమె భర్త చేసిన ఆఖరి ప్రసంగాన్ని జోడించారు. ముందొక మగవాడు, వెనకొక మగవాడు, నడుమ ఆమె. ఇంతవరకు బ్రాడ్‌స్ట్రీట్ పరిస్థితే.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. బందీగా ఉన్నప్పుడు ఆమె యజమానురాలు వీటమూ. పొకాసెట్ ప్రజలకు ఆమె స్వయంగా నాయకురాలు, యుద్ధంలో మెటాకమ్ పక్షాన నిలిచినది. రోలాండ్‌సన్ దృష్టిలో ఆమె మాత్రం ముఖానికి రంగులు, మెడలో హారాలు వేసుకుని సింగారానికే గంటలు గడిపే కఠినమైన, గర్విష్ఠి స్త్రీ. ఒక పాలకురాలి అధికార చిహ్నాలు రోలాండ్‌సన్ కంటికి షోకుగా కనిపించాయి. ఇంతకంటే కలచివేసే చోటు మరొకటి ఉంది. ఆ ప్రయాణంలోనే వీటమూ బిడ్డ జబ్బుచేసి చనిపోయింది. కొన్ని వారాల కిందటే తన బిడ్డను పోగొట్టుకున్న రోలాండ్‌సన్, దానివల్ల ఒక లాభం కలిగిందని, గుడిసెలో కాస్త చోటు దొరికిందని రాస్తుంది. సారా మరణాన్ని వర్ణించిన చేతే ఈ వాక్యం రాసింది. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి తరగతిలో బిగ్గరగా చదివించండి. దుఃఖం అందరినీ ఒక్కటి చేస్తుందన్న తేలికపాటి మాట ఇక్కడ చెల్లదు. ఏ బిడ్డ బిడ్డగా లెక్కకు వస్తుందో నిర్ణయించే హద్దు ఆ తల్లి మనసులోనే గీసి ఉంది.

1676 ఆగస్టులో వీటమూ నీటిలో మునిగి మరణించింది. ఆంగ్లేయులు ఆమె తల నరికి టాంటన్ ఊళ్లో ప్రదర్శనకు పెట్టారు. ఆమె రాసిన అక్షరం ఒక్కటీ మనకు లేదు. తన దగ్గర బందీగా ఉన్న స్త్రీ రాతలోనే ఆమె మనకు మిగిలింది.

ఈ పుస్తకంలో మరొక సంగతి మొదటి సమాధానాన్ని గుర్తుకు తెస్తుంది. బ్రాడ్‌స్ట్రీట్‌ను అవమానించడానికి వాడిన సూదే ఇక్కడ రోలాండ్‌సన్ ప్రాణం నిలబెట్టింది. ఆమె మేజోళ్లు అల్లి, చొక్కాలు కుట్టి తిండి సంపాదించుకుంది. మెటాకమ్ తన కొడుకు కోసం చొక్కా కుట్టించుకుని ఒక షిల్లింగు ఇచ్చాడు. ఆ డబ్బును ఆమె తన యజమానికి, అంటే వీటమూ భర్తకు ఇవ్వబోతే, అతడు నువ్వే ఉంచుకోమన్నాడు. భార్య సంపాదన భర్తదేనన్న ఆంగ్లేయ చట్టం కింద బతికిన స్త్రీకి, తన పనికి తన చేతికి కూలి రావడం ఆ బందీఖానాలోనే జరిగింది. ఆమె దాన్ని గొప్పగా చెప్పుకోలేదు, రాసి మాత్రం వెళ్లింది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో 1682లోనే వెలువడిన ప్రతికి టైపు కూర్చినవాడు నిప్‌మక్ తెగకు చెందిన జేమ్స్ ప్రింటర్ అని చరిత్రకారులు చెబుతారు. యుద్ధకాలంలో మూలవాసుల పక్షాన ఉండి, రోలాండ్‌సన్ విడుదల సంప్రదింపుల్లో పాల్గొన్నది ఆయనే. తన మనుషులను మృగాలుగా చెప్పిన వాక్యాలను ఆయన వేళ్లే ఒక్కో అక్షరంగా పేర్చాయి. ఆ పుస్తకంలో అణచివేత ఎవరిదని విద్యార్థులు అడిగితే, రోలాండ్‌సన్ పేరుతో పాటు వీటమూ, జేమ్స్ ప్రింటర్ పేర్లు కూడా బోర్డు మీద రాయండి.

నాలుగో సమాధానం
రాసినవారు: గ్రంథాలయ పాఠకురాలు

చిన్న చేర్పు. ఇంతవరకు అచ్చుకెక్కడానికి హామీ కావలసిన స్త్రీల గురించే మాట్లాడుకున్నాం. అచ్చుదాకా రాని వారినీ తలుచుకోవాలి. 1800లో సూ సెయింట్ మేరీలో పుట్టిన జేన్ జాన్‌స్టన్ స్కూల్‌క్రాఫ్ట్ తల్లి ఒజిబ్వే అనే మూలవాసి తెగ స్త్రీ, తండ్రి ఐర్లండు నుంచి వచ్చిన వ్యాపారి. ఆమె ఒజిబ్వేలోనూ ఆంగ్లంలోనూ కవితలు రాసింది. భర్త హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ మూలవాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ప్రతినిధి, వారి గాథలను సేకరించి పేరు తెచ్చుకున్నవాడు. 1839లో తన పిల్లలిద్దరినీ దూరాన తూర్పు రాష్ట్రాల బడిలో వదిలి రావలసి వచ్చినప్పుడు ఆమె ఒజిబ్వేలో ఒక కవిత రాసింది. తన నేలను, తూర్పున విడిచి వచ్చిన పిల్లలను తలుచుకునే కవిత అది. ఆమె 1842లో మరణించింది. రచనలన్నీ చేర్చిన సంపుటం 2007లో గాని రాలేదు.

హామీపత్రాల పద్ధతి ఎంతకాలం సాగిందో చూపాలంటే బానిసగా పుట్టిన నల్లజాతి రచయిత్రి హారియెట్ జేకబ్స్ ఉంది. 1861లో ఆమె ఆత్మకథ మారుపేరుతో, లిడియా మరియా చైల్డ్ అనే తెల్లజాతి రచయిత్రి సంపాదకత్వంలో వెలువడింది. స్వయంగా రాసినదని ముఖపత్రం మీదే ఉన్నా, చాలాకాలం పండితులు నమ్మలేదు. లేఖలను, దస్తావేజులను వెలికితీసి అది జేకబ్స్ రచనేనని 1980లలో నిరూపించింది జీన్ ఫాగన్ యెలిన్. దొంగిలించిందంటారని బ్రాడ్‌స్ట్రీట్ ముందే రాసింది కదా, జేకబ్స్ విషయంలో ఆ మాట 20వ శతాబ్దంలోనూ వినిపించింది.

అడిగినవారి స్పందన
రాసినవారు: ఆంగ్ల అధ్యాపకురాలు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. వినయాన్ని అచ్చుకు చెల్లించిన సుంకంగా చదివితే, వారి భక్తిని కూడా నటనగా తేల్చేసినట్లు కాదా? బ్రాడ్‌స్ట్రీట్ ఇల్లు తగలబడినప్పుడు రాసిన కవితలో, పోయినవాటిని ఒక్కొక్కటిగా తలుచుకుని, అవన్నీ దేవుడివేనని మనసును సముదాయించుకుంటుంది. అది నాకు నటనలా అనిపించదు.

ఐదో సమాధానం
రాసినవారు: కవిత్వ పరిశోధకురాలు

నటన కాదు. 1666 జులైలో జరిగిన ఆ అగ్నిప్రమాదం మీది కవిత ఆమె జీవితకాలంలో అచ్చుకాలేదు, ఎవరినీ మెప్పించడానికి రాసినదీ కాదు. అందులో దైవభక్తి ఎంత నిజమో, కాలిపోయిన పెట్టె, బల్ల, ఇక ఎవరూ అతిథిగా కూర్చోని ఆ ఇల్లు ఆమెకు అంత నిజం. భక్తి ఒక మాట చెబుతుంటే కళ్లు బూడిద వైపు తిరుగుతూనే ఉంటాయి. ఆ లాగుడును అలాగే చూపించాలి తప్ప, ఏదో ఒక వైపు తేల్చకూడదు.

వీట్లీ విషయంలో భక్తి ఆమెకు ఆసరా మాత్రమే కాదు, ఆయుధం కూడా. ఆకమ్‌కు రాసిన లేఖలో ఆమె వాదమంతా బైబిలు మీదే నిలబడింది. బానిస యజమానులను, బైబిలులో ఇశ్రాయేలీయులను బానిసలుగా ఉంచిన ఈజిప్టు వారితో పోల్చింది, అంటే తన జనాన్ని ఇశ్రాయేలీయుల స్థానంలో నిలిపింది. తాము దేవుడు ఎన్నుకున్న ఇశ్రాయేలీయులమని చెప్పుకుంటూ ఆ వలస ప్రాంతాన్ని కట్టినవారు ప్యూరిటన్లు అనే క్రైస్తవ శాఖవారు. వారి కథను వారి చేతుల్లోంచి తీసుకుని, వారినే ఈజిప్టు రాజు ఫరో పక్షాన నిలబెట్టడానికి గట్టి విశ్వాసం కావాలి. నమ్మనివారు ఆ పని చేయలేరు.

తరగతికి నా సూచన ఇదొక్కటే: కవితతో పాటు ఆ 18 సంతకాల పేజీని కూడా జిరాక్స్ తీసి పంచండి. తర్వాత ఆమె ఏమైందో కూడా చెప్పండి. 1778లో జాన్ పీటర్స్ అనే స్వతంత్ర నల్లజాతీయుడిని పెళ్లాడింది. 1779లో 33 కవితలు, 13 లేఖలతో రెండో సంపుటానికి చందాలు కోరుతూ ప్రకటన ఇచ్చింది. చాలినంతమంది చందాదారులు రాలేదు, ఆ పుస్తకం రాలేదు. 1784 డిసెంబరు 5న పేదరికంలో మరణించింది. థామస్ జెఫర్సన్ ఆ దశకంలోనే తన వర్జీనియా గ్రంథంలో, మతం ఒక ఫిలిస్ వీట్లీని తయారుచేసింది గాని కవిని తయారుచేయలేకపోయిందని, ఆమె పేరు మీద వెలువడిన రచనలు విమర్శకు కూడా తగవని రాశాడు. ‘ఆమె పేరు మీద’ అన్న ఆ మాటను ధ్రువపత్రం పక్కన పెట్టి చదివించండి. 18 మంది సంతకాలు ఎంతవరకు పనిచేశాయో మీ విద్యార్థిని తానే చెబుతుంది.